బంతి చేజారిన పిమ్మట

లోకులకు ముదిమియందు గాని ఎదురుపడని ప్రశ్న క్రీడాకారునకు నడివయస్సైనను రాకమునుపే ఎదురగును. మనస్సు ఇంకను ఆడుదమనును, ఆటపై మమకారము లేశమైనను తగ్గదు, కాని మోకాలు మాట వినదు. వేలాది కంఠములు ఏ పేరును ఎలుగెత్తి పిలిచినవో ఆ పేరుగలవాడు, ఆట ముగిసిన మఱునాటి ఉదయమున ఎవడై మేల్కొనవలయును?

అమెరికాదేశపు బాస్కెట్‌బాల్ వీరుడు కోబీ బ్రయంట్ 37 ఏండ్ల ప్రాయమున, 2015 నవంబరులో, ఆటనే ఆప్తురాలివలె సంబోధించుచు వీడ్కోలు లేఖ వ్రాసెను. డిస్నీలో చిరకాలము బొమ్మలకు ప్రాణము పోసిన గ్లెన్ కీన్ దానిని పెన్సిలుతో, చేతితో గీసి చిత్రముగా మలచెను. జాన్ విలియమ్స్ సంగీతము కూర్చెను. 'డియర్ బాస్కెట్‌బాల్' అను ఆ చిన్న చిత్రమునకు 2018లో ఆస్కార్ బహుమానము లభించినది.

అందు ఆఱేండ్ల బాలుడొకడు తండ్రి మేజోళ్లను ఉండగా చుట్టి, అదే బంతి యనుకొని గురిచూచి విసరుచుండును. చూచువారు లేరు, చప్పట్లు లేవు, బిరుదులు అంతకన్న లేవు; ఉన్నది ప్రేమ యొక్కటే. ఆ లేత గీతలనుండియే లేకర్స్ జట్టు యోధుడు ఉదయించును. కాగితముమీది ఏ బొమ్మయు తనంతట కదలదు. ఒకటి తొలగి మఱొకటి వచ్చుటచేతనే చలనము తోచును. ఇదియే కోబీ యని ఏ యొక్క కాగితమును పట్టి చూపలేము. దేహికి ఈ దేహమునందే కౌమారయౌవనజరలు వచ్చిపోవునని గీత రెండవ అధ్యాయమున భగవానుడు పార్థునకు బోధించిన విషయము, పెన్సిలు గీతలలో ఇంత సుబోధమగునని నేను తలంపలేదు.

2016 ఏప్రిల్ 13న కడపటి పోటీలో కోబీ 60 పాయింట్లు సాధించెను. ఇంకొక్క యేడు నిలువుమని విజయమే చెవిలో చెప్పియుండును గదా. ఐనను వెనుకకు మరలలేదు. నాకు ఆ 60 కంటె ఈ మరలకపోవుటయే ఘనముగా తోచుచున్నది.

ఏమి చేసినను తాను ఎప్పటికిని ఆ బాలుడనే యని లేఖ చివర ఆయన చెప్పుకొనెను. విజేతనను అభిమానముకంటె అది నిర్మలమే, కాని అదియు అభిమానమే. లేఖలోని ఆ బాలునకును చేతిలో బంతి యుండవలయును, ఆట గడియారమున అయిదు క్షణములు మిగిలియుండవలయును. రమణ మహర్షి ఉపదేశించిన 'నేనెవడను' అను విచారణ ఆ బాలునికడ ఆగదు. బాలుని, యోధుని, అలసినవానిని సమముగా ఎఱుగుచుండిన యెఱుక ఎవరిదని అది అడుగును.

ఆట విడిచిన పిమ్మట ఆయనకు నాలుగేండ్లైనను నిండలేదు. 2020 జనవరిలో హెలికాప్టరు ప్రమాదమున కుమార్తెతో గూడ అసువులు బాసెను. ఆ కొద్దికాలమును పిల్లలకు కథలు కూర్చుటయందును, కుమార్తె జట్టునకు శిక్షణ నొసగుటయందును గడపెను. విచారణలో ఎంతదూరము నడచెనో అన్యులు చెప్పజాలరు గాని, బంతిని పసిచేతుల కప్పగించి తాను ప్రక్కన కూర్చుండగలిగిన నాటికే 'నేను ఆటగాడను' అను హృదయగ్రంథి కొంత సడలియుండునని నా విశ్వాసము.