ఛాయాపటములోని అలంకారము



విక్టోరియా రాణి కాలమున (1837–1901) తీసిన స్త్రీల ఛాయాపటములను చూచితిరా? మెడవరకు బొత్తాములు, ఉబ్బిన చేతులు, బిగించిన నడుము. ఆ చేతులే మన స్త్రీల జాకెట్లకును వచ్చినవి. 1892లో లాలా దీనదయాళ్ హైదరాబాదులో జనానా స్టూడియో తెరచినప్పుడు, ఘోషా స్త్రీల పటములు తీయుటకు కెన్నీ-లెవిక్ దొరసానిని నియమించెను. పరపురుషుల కంటబడనివారును తమ రూపము నిలిచియుండవలెనని కోరిరి గదా!

పేతురు మొదటి పత్రిక 3వ అధ్యాయము చేతబట్టుకొని, ఈ కోరిక గర్వమని నేను పలుమారు ప్రసంగించితిని. పోయిన నెల వేంసూరులో ఒక వృద్ధురాలు తన తల్లి పటము చూపెను. మెడవరకు జాకెట్టు, పట్టుచీర, కాసులపేరు.

“అయ్యగారూ, ఆ నగలు మావి గావు, అడిగి తెచ్చుకున్నయి. మా అమ్మ కూలికి పోయేది” అనెను.

ఎరువు సొమ్ము అబద్ధమే అనుకొంటిని. అయితే ఆ తల్లి కన్నులు ఎరువువి కావు. అపొస్తలుడు హెచ్చరించినది బంగారము పెట్టుకొనువారిని. ఒక్క పూటకు ఎరువు తెచ్చుకొన్న దానికి ఆ మాట ఎట్లు అంటగట్టితిని?

ఆమె పటమును కొంగుతో తుడిచి పెట్టెలో దాచుకొనెను. ఆదివారమునకు వ్రాసికొన్న ప్రసంగమును నేనింకను దిద్దుచున్నాను.