షెడ్డు దాకే సబ్బు

మా బతుకుల మీద ఎక్కువసార్లు పడ్డ మాట ఏదని అడిగితే నేను 'ప్రస్తుతానికి' అంటాను. ప్రస్తుతానికి ఈ పాకలో ఉండండి. ప్రస్తుతానికి ఈ బోరు నీళ్ళు తాగండి. ప్రస్తుతానికి నేల మీద కూర్చోండి, బెంచీలు వస్తాయి. తిట్టు తిట్టులాగే వినపడుతుంది, తిరగబడొచ్చు. 'ప్రస్తుతానికి' మాత్రం దయలాగా వినపడుతుంది. అందుకే దాని సంగతి తేల్చుకోవాలి. 'ఇది చాలు, ప్రస్తుతానికి నడుస్తుంది' అని చెప్పే హక్కు ఎవరిది? ఈ ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు లారీ షెడ్డులో, కారే డీజిల్ పైపు దగ్గర దొరికింది.

మాది ప్రకాశం జిల్లాలో ఒక మాదిగపల్లె. మా తాత కపిల తొండాలు కుట్టేవాడు. కుట్టు దగ్గర చుక్క కారినా రైతు ఊరుకునేవాడు కాదట. తాత కుట్టిన తొండంలోంచి పారిన నీళ్ళు ఊరి చేలన్నీ తడిపినయ్. అదే బావిలో దాహానికి చేద వేసుకునే హక్కు మాత్రం తాతకి లేదు. కరెంటు మోటార్లు వచ్చి కపిలలు పోయినయ్. మా నాయన పదమూడో ఏట చీమకుర్తి రోడ్డులో ఒక లారీ షెడ్డులో స్పానర్లు అందించే పనికి చేరాడు, మేస్త్రి అయ్యాడు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. ఇప్పుడు గవర్నమెంటు హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెబుతున్నాను. కానీ గాలి ఒత్తిడి గురించి నేను మొదట తెలుసుకుంది నాయనకి అన్నం క్యారేజీ తీసుకెళ్ళిన సెలవుల్లోనే.

పాత లారీలో డీజిల్ ప్రయాణం ఇట్లా ఉంటుంది. ట్యాంకులోంచి ఫీడ్ పంపు లాగుతుంది. అక్కణ్ణుంచి ఫిల్టర్లకి, ఫిల్టర్ల నుంచి ఇంజెక్షన్ పంపుకి, అక్కణ్ణుంచి సన్నటి నాజిల్ పైపుల్లోంచి ఇంజనుకి పోతుంది. ఫీడ్ పంపు దాటాక పైపులో ఒత్తిడి ఉంటుంది, కాబట్టి జాయింటు వదులైతే డీజిల్ బయటికి కారి తడి కనపడుతుంది. ఇంజెక్షన్ పంపు దాటాక ఒత్తిడి ఇంకా వందల రెట్లు. అక్కడ కారేచోటు చేత్తో వెతకకూడదు, తుంపర చర్మంలోకి దూసుకుపోతుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. ట్యాంకుకీ ఫీడ్ పంపుకీ మధ్య మాత్రం వ్యవహారం వేరు. అక్కడ పంపు పీలుస్తుంది. సందు దొరికితే డీజిల్‌తోపాటు గాలినీ పీలుస్తుంది. బండి నడిచేటప్పుడు కింద ఒక్క చుక్క పడకపోవచ్చు, పైపు పొడిగానే ఉండొచ్చు. కానీ ఇంజను దమ్ము తగ్గుతుంది, తడబడుతుంది, ఎత్తు ఎక్కేచోట ఆగిపోతుంది. 'బయటికి కారేది కంటికి తెలుసుద్ది, లోపలికి పీల్చేది ఎత్తులో తెలుసుద్ది' అనేవాడు నాయన.

జాయింటు బాగుచేయడంలో రహస్యం ఏమీ లేదు. బాంజో బోల్టు లోపల బోలుగా ఉంటుంది, డీజిల్ దానిలోంచే పోతుంది. పైపు కంటికి అటూ ఇటూ రెండు రాగి వాషర్లు ఉంటాయి. ఒకసారి నలిగిన రాగి గట్టిపడుతుంది, మళ్ళీ సరిగ్గా అతకదు. కొత్త వాషర్లు వేయాలి. దొరక్కపోతే పాతవాటినే ఎర్రగా కాల్చి నీళ్ళలో వేస్తే మెత్తబడతాయి. ఉక్కు గట్టిపడే పనికి రాగి మెత్తబడుతుంది. కారుతుంది గదా అని బోల్టుని ఇంకా బిగిస్తే తెగుతుంది. ఆనుకునే ముఖాలు శుభ్రంగా తుడవాలి, గీత పడితే నున్నగా రుద్దాలి. బిగించాక ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, హ్యాండ్ పంపు కొడుతూ బుడగలు ఆగేదాకా ఎయిర్ తీయాలి. బుడగ ఒక్కటి మిగిలినా పని అయిపోలేదన్నట్టే.

దీనంతటికీ బదులు ఇంకో పద్ధతి ఉంది. సబ్బు. బట్టల సబ్బు ముక్కని తడిపి ముద్దచేసి, పగులు మీద మెత్తి, గుడ్డ పేలిక చుట్టి దారం కడతారు. డీజిల్‌కి సబ్బు తొందరగా కరగదు. కొన్ని గంటలు ఆగుతుంది. ఏ డ్రైవర్ని అడిగినా చెబుతాడు. నాయన కూడా పెట్టేవాడు. కానీ ఆయనకి ఒక కట్టుబాటు ఉండేది. దారిలో ఆగిన బండి షెడ్డుకి రావడానికి సబ్బు పెట్టేవాడు. షెడ్డులో ఉన్న బండి లోడుకి పోవడానికి పెట్టేవాడు కాదు.

2003 ఎండాకాలంలో ఆ కట్టుబాటుకి పరీక్ష వచ్చింది. ఒక ఆదివారం గ్రానైటు బండ ఎక్కించుకుని మద్రాసు హార్బరుకి పోవాల్సిన లారీ షెడ్డుకొచ్చింది. ఫీడ్ పంపు దగ్గర పైపు కన్ను పగిలింది. వాషర్లతో పోయేది కాదు, పైపే మార్చాలి. ఒంగోల్లో షాపులు మూత. సోమవారం దాకా బండి ఆగాలి. ఓనరు సబ్బు పెట్టమన్నాడు. డ్రైవరూ బతిమాలాడు: "ఎట్టోకట్టా నడిపించన్నా. బండి ఆగితే నాకు బత్తా లేదు."

నాయన అన్నాడు: "షెడ్డుకి రావడానికైతే పెడతానయ్యా. లోడుకి పోడానికి పెట్టను. రాత్రిపూట అంత బరువుతో రోడ్డు మధ్యన ఇంజను ఆగితే ఎనకొచ్చేవోడు చూసుకుంటాడా?"

"బండి నాది. తోలేది వాడు. మధ్యలో నీకేందిరా?"

"చెయ్యి నాది గదయ్యా."

నాయన అన్నది అంతే. ఇంకో చెయ్యి సబ్బు పెట్టింది. బండి పోయింది. నాయన్ని షెడ్డుకి రావద్దన్నారు. నాలుగో రోజు ఆ లారీ మద్రాసు పోయి క్షేమంగా తిరిగొచ్చింది. పల్లెలో మావాళ్ళే నాయనతో అన్నారు, "చూశావా, ఏం గాలేదుగా? నీ నోటికాడి కూడు పోయింది." నెలన్నరపాటు నాయన పంక్చర్ల కొట్లో కూలికి పోయాడు.

నన్ను ఇన్నేళ్ళు ఆలోచింపజేసింది ఆ క్షేమమే. బండి బోల్తా పడి ఉంటే నాయన్ని అందరూ మెచ్చుకునేవాళ్ళు. ఏమీ కాలేదు గనక ఆయన చాదస్తుడైపోయాడా? కళ్ళు మూసుకుని హైవే దాటినవాడు అవతల ఒడ్డు చేరితే, కళ్ళు మూసుకోవడం సరైనదని ఎవరమూ అనం. ప్రమాదం జరగకపోవచ్చు. కానీ ప్రమాదంలోకి నెట్టడం ఆ ఆదివారమే జరిగిపోయింది. ఆ తప్పు బండి తిరిగి రావడంతో చెరిగిపోదు. బండి ఆగితే నష్టం ఓనరుది, ఒక రోజు కిరాయి. బండి కదిలితే ప్రాణభయం డ్రైవరుది, వెనకొచ్చే ముక్కూ మొహం తెలియనివాళ్ళది. 'ప్రస్తుతానికి చాలు' అన్నవాడు ఆ క్యాబిన్లో కూర్చోలేదు.

ఇక్కడ ఒక ఎదురుప్రశ్న ఉంది, దాన్ని దాటేసి పోకూడదు. సబ్బు పెట్టమని డ్రైవరే అడిగాడు గదా? తన ప్రాణం గురించి తను నిర్ణయించుకుంటే మేస్త్రి ఎవరు కాదనడానికి? నేను దీన్ని ఇట్లా తేల్చుకున్నాను. బండి ఆగిన రోజుకి కూడా బత్తా ఇస్తానని ఓనరు అని ఉంటే డ్రైవరు సబ్బు అడిగేవాడా? అడిగేవాడు కాదు. అంటే సంతకం పెట్టింది ఆకలి. ఆకలిని పక్కన పెట్టి మళ్ళీ అడిగి చూస్తేనే ఎవరి ఒప్పుకోలు నిజమో తెలుస్తుంది. పైగా వెనకొచ్చే బండివాణ్ణి ఎవరూ అడగలేదు.

'బండి నాది, తోలేది వాడు' అన్న మాటలో పనిచేసే చేతికి అభిప్రాయం ఉండకూడదనే తీర్పు ఉంది. 1936లో అంబేడ్కర్ 'కుల నిర్మూలన'లో కులం పని విభజన మాత్రమే కాదు, పనిచేసేవాళ్ళ విభజన అని చెప్పాడు. నేను బీఎడ్ చదివేటప్పుడు ఆ పేజీ దగ్గర ఆగిపోయాను. తాత కుట్టొచ్చు, నీళ్ళు ఎవరికో వాళ్ళు చెబుతారు. నాయన బిగించొచ్చు, బండి కదలాలా వద్దా అన్నది వాళ్ళు చెబుతారు. నాయన కాదన్నది సబ్బుని ఒక్కదాన్నే కాదు, ఆ విభజనని.

ఈ కొలబద్దతో చూస్తే చాలా సంగతులు తేటపడతాయి. డీఎస్సీ ఉద్యోగం రాకముందు నేను విద్యా వాలంటీరుగా చేశాను. ప్రస్తుతానికి అన్నారు. పిల్లలకి చెప్పే పాఠం తాత్కాలికం కాదు, చెప్పేవాడి కూడు మాత్రం తాత్కాలికం. మనుషుల్ని రక్షణ లేకుండా మురుగు గుంతల్లోకి దించడం నేరమని 2013లో చట్టం వచ్చింది. చనిపోయినవాళ్ళ కుటుంబాలకి 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు అనాల్సి వచ్చిందంటే, మిషన్లు వచ్చేదాకా ప్రస్తుతానికి దిగండి అనేవాళ్ళు ఇంకా ఉన్నారనే కదా. మన విషయంలో మాత్రం 'తాత్కాలికం' అన్నది తిరగబడి వస్తుంది. రిజర్వేషన్లు పదేళ్ళకే గదా అంటారు. పదేళ్ళ గడువు పెట్టింది 334వ అధికరణంలో, చట్టసభల సీట్లకి. దాన్ని పొడిగిస్తూ వచ్చి 2019 సవరణతో 2030 దాకా తెచ్చారు. చదువుకీ ఉద్యోగాలకీ ఆధారమైన 15(4), 16(4)లలో ఏ గడువూ లేదు. మన ప్రమాదాలకి గడువు అడగనివాళ్ళు మన హక్కులకి మాత్రం గడువు లెక్కబెడుతున్నారు.

సబ్బు అసలే వద్దని నేననను. దారిలో ఆగినవాడికి సబ్బు ముక్క కూడా సాయమే. అన్నీ బాగైనదాకా ఏదీ ముట్టుకోమంటే ఆ రాత్రి దారిలో ఉన్నవాడి గతేంటి? అయితే ఉద్యమంలో ఉన్నవాళ్ళు, చదువుకుంటున్న పిల్లలు సర్దుబాటుకి ఒప్పుకునే ముందు మూడు సంగతులు అడగాలి. ఇది ఎప్పటిదాకా, తేదీ చెప్పండి. ఈలోపు ప్రమాదం ఎవరి మీద ఉంటుంది? ఆగి బాగుచేసుకుంటే అయ్యే నష్టం ఎవరు భరిస్తారు? ఈ మూడింటికీ జవాబు చెప్పకుండా ఎవడన్నా 'ప్రస్తుతానికి' అన్నాడంటే, వాడి మనసులో ఉన్నది 'ఎప్పటికీ' అనే.