రెండంగళ్లు - ఒక్క యజమాని

ఒక వస్తువునకు రెండంగళ్ల ధర విచారించి కొనుట గృహస్థుల వివేకము. ఆ రెండును ఒక్కనివే యైనచో ఆ విచారణకు ఫలమేమి? అమెరికాలో గిటార్ సెంటర్ అను వాద్యవిక్రయ సంస్థ 1999లో మ్యుజీషియన్స్ ఫ్రెండ్‌ను, 2005లో మ్యూజిక్ అండ్ ఆర్ట్స్‌ను తన వశము చేసికొనెను. పాత పేరులను మాత్రము మార్పలేదు. బిడ్డకు వాద్యము కొనదలచిన తల్లి యొకచోట ధర నచ్చక రెండవచోటికి బోయినను, ఆమె సొమ్ము చేరునది యొక్క పెట్టెకే.

పెక్కు పేరులతో వర్తకము చేయుట దోషమనజాలము; ఒక్కొక్క యంగడికి నొక్కొక్క నేర్పుండవచ్చును. ఈ సంబంధము రహస్యమును గాదు, విచారించినవారికి తెలియును. కాని విచారింపవలెనని తోచనివారి మాటయేమి? అసత్యమాడకుండుట మాత్రమే వర్తకునకు చాలదు. కొనువాని భ్రమ తనకు లాభమైనప్పుడు దానిని తొలగించుటయు ధర్మమే. అంగడి పేరు ప్రక్కన యజమాని పేరును వ్రాయుటకు ఎంత సిరా కావలెను?