గోనెలోని రూకలు

ధ్యాన భాగము: ఆదికాండము 42:25–35, 43:11–23



కరవు కాలమున ధాన్యము కొనుటకు ఐగుప్తునకు పోయిన యాకోబు కుమారుల సంగతి మన సండేస్కూలు పిల్లలకు సహితము తెలిసినదే. వారు వెల ఇచ్చియే ధాన్యము కొనిరి. త్రోవలో మజిలీ చేసినచోట ఒకడు గాడిదకు మేత వేయుటకు గోనె విప్పగా, తానిచ్చిన రూకలు అందులోనే కనబడెను. ఇంటికి వచ్చి చూడగా అందరి గోనెలలోను అట్లే యుండెను. వారు దొంగిలలేదు. వారికి తెలియకుండ ఎవరో పెట్టిరి. అయినను వారికి సంతోషము కలుగలేదు, భయము పుట్టెను.

ఇక్కడ ముసలి యాకోబును చూడుడి. మనము పెట్టినది కాదు గదా, ఉండనిమ్మని అతడనలేదు. పొరబాటు జరిగియుండునేమో, పోయి ఇచ్చివేయుడని చెప్పి, ఈసారి ధాన్యమునకు వేరుగా రూకలు కట్టి పంపెను. కుమారులును యోసేపు ఇంటి వాకిటనే, ఎవరును అడుగక మునుపే, గృహనిర్వాహకునితో జరిగినదంతయు చెప్పుకొనిరి.

ఈ దినములలో మన ఇండ్లలోనికి వచ్చు గోనె సెల్‌ఫోను. శుక్రవారము పట్టణములో విడుదలయిన సినిమాను శనివారము రాత్రి మన పల్లెలో నాయనమ్మ మంచము మీద కూర్చుండి చూచుచున్నది. వాట్సాప్‌లో ఎవరో పంపిన లింకును మనుమడు నొక్కి టీవీకి కలిపెను. ఎవరును డబ్బు అడుగలేదు గనుక ఉచితమే అనుకొనిరి. హాలులో ఎవడో చాటుగా తీసిన ప్రతియో, మరెక్కడనుండియో అపహరించినదో ఆమెకేమి తెలియును? (సినిమా చూడవచ్చునా కూడదా యను పాత వాదమును ఈ నెల నేను ఎత్తుకొనను. చూచినది ఎవరి సొత్తు అన్నదే నా ప్రశ్న.)

"అయ్యగారూ, తెలియక చూస్తే పోలీసులు పట్టుకుంటారా?" అని ఒక తల్లి నన్నడిగెను. ఆమెను భయపెట్టుట నాకిష్టము లేదు, ఉన్నదున్నట్లు చెప్పెదను. మన దేశపు కాపీరైటు చట్టము 1957 నాటిది. దాని 63వ సెక్షను ప్రకారము, తెలిసి ఇతరుల హక్కును ఉల్లంఘించినవానికిని, అందుకు తోడ్పడినవానికిని 6 నెలల నుండి 3 సంవత్సరముల వరకు ఖైదును, 50,000 నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానాయు కలవు. అక్కడ 'తెలిసి' అను మాట యున్నది. 2016లో బొంబాయి హైకోర్టు కూడ, దొంగ ప్రతిని చూచుట మాత్రమే నేరము కాదు, అనుమతి లేక దానిని పంచుట, బహిరంగముగా చూపుట, అమ్ముట, అద్దెకిచ్చుట నేరమని తేటపరచెను. కాబట్టి నాయనమ్మ నిద్ర చెడగొట్టుకొన నక్కరలేదు.

మనుమని సంగతి వేరు. చూచినదానిని ఫోనులోనికి దింపుకొని నలుగురికి పంపినయెడల అతడిక చూచువాడు కాదు, పంచువాడాయెను. తెలియదనువానికి అదే చట్టము 55వ సెక్షనులో కొంత చోటిచ్చినది గాని, అది మిక్కిలి ఇరుకైనది. ఆ చిత్రముపై ఒకరికి హక్కున్నదని తనకు తెలియదనియు, అట్లు తలంచుటకు తగిన కారణమును లేకపోయెననియు రుజువు చేసికొనవలెను. నిన్న విడుదలయిన సినిమాకు హక్కుదారుడు లేడని ఎవడు నమ్మును?

మరియొక ఉరి యున్నది. టొరెంటు అనబడు విధానములో నడచు కొన్ని యాప్‌లు పైకి చూచుటకే అన్నట్లుండును. మనము చూచుచుండగనే ఆ చిత్రపు ముక్కలను మన కనెక్షను నుండి ఇతరులకు పంపుచుండును. మన సంఘములోని ఒక కుమారుడు చదువుకొరకు జర్మనీకి పోయి, ఇట్టి యాప్‌లో ఒక రాత్రి సినిమా చూచెను. కొన్ని వారములకు సినిమా హక్కుదారుల న్యాయవాదులయొద్దనుండి జాబు వచ్చెను. ఆ దేశములో ఇట్టి జాబులు వాడుకయే. ఇంటర్నెట్టు ఎవరి పేరున ఉన్నదో వారికే వచ్చును. వందల యూరోలు కట్టుమనియు, ఇకమీదట చేయనని సంతకము చేయుమనియు అడుగుదురు. తల్లి ఇక్కడ ధాన్యమమ్మి పంపిన డబ్బులో కొంత దానికి పోయెను. "నేను చూచితిని గాని పంపలేదమ్మా" అని అతడు ఫోనులో ఏడ్చెనట. అతడు చెప్పినది అబద్ధము కాదు. గోనెలో ఏమున్నదో అతడెరుగడు. (పిల్లలు బయటి దేశములలో ఉన్నవారు గమనించుడి: అట్టి జాబును పారవేయరాదు, తొందరపడి సంతకమును చేయరాదు. తెలిసిన న్యాయవాదికి మొదట చూపవలెను.)

లేవీయకాండము 5వ అధ్యాయము పొరబాటున చేసిన అపరాధమును తీసివేయదు. నష్టపరచినదానిని, దానితో అయిదవ వంతును కలిపి ఇయ్యవలెనని విధించును. లూకా 12లో ప్రభువు, ఎరుగని దాసునికి దెబ్బలు తక్కువ అనెను గాని లేవనలేదు. ఏలయనగా మనకు తెలిసినను తెలియకున్నను నష్టపోయినవానికి నష్టము ఒక్కటే. నష్టపోవువారు నటులు మాత్రమే కారు. హైదరాబాదు కృష్ణానగర్‌లో దినకూలికి పనిచేయు లైటుమనిషి, వంటమనిషి, మన మండలపు హాలులో టిక్కెట్లు చించు మనిషి కూడ అందులో ఉన్నారు. చేను కోసినవారి కూలిని గూర్చి యాకోబు వ్రాసిన పత్రిక 5వ అధ్యాయమును వారిని తలంచుకొని చదువుడి. ఉచితముగా ఇచ్చువాడు నిజముగా ఉచితముగా ఇచ్చుటయు లేదు. అట్టి సైట్లలో జూదపు యాప్‌ల ప్రకటనలు ఎన్ని వచ్చుచున్నవో మీ పిల్లల ఫోనులలో మీరే చూడుడి.

ఇంతవరకు ఇతరుల గోనెలు విప్పితిని. ఇక నా గోనె. పోయిన క్రిస్మస్ రాత్రి మన గుడి ముంగిట తెర కట్టి ప్రభువు జీవిత చిత్రమును చూపితిమి గదా. పెన్‌డ్రైవు ఎక్కడనుండి వచ్చినదని నేనడుగలేదు. ప్రార్థనతో ఆరంభించినది నేనే. చూచుటకు వచ్చినవారి వద్ద పైసా తీసికొనలేదు గనుక తప్పేమియు లేదనుకొంటిని. తరువాత ఒక వకీలును అడుగగా, మత సంస్థల కార్యక్రమములకు చట్టమిచ్చిన మినహాయింపులు నాటకములకు, పాటలకే గాని సినిమాకు చెల్లవనెను. ఇంటిలో చూచుటకంటె నలుగురికి చూపుట పెద్దదనియు చెప్పెను.

సంఘపెద్దలతో ఈ మాట చెప్పుకొంటిని. ఆ చిత్రపు హక్కుదారులకు జరిగినది వ్రాసి, మేము చెల్లించవలసినదేమని అడిగి, రిజిస్టరు పోస్టులో పంపితిమి. జవాబు ఇంకను రాలేదు. వచ్చినప్పుడు గుడిలో చదివి వినిపించెదను. ఈ క్రిస్మస్‌కు వారి అనుమతి లేనియెడల తెర కట్టము. యవనస్థులు తామే వ్రాసికొన్న నాటకమును ఆడెదరు. గొర్రెల కాపరుల వేషములకు పాత గొంగళ్లు ఉన్నవారు డిసెంబరు మొదటి ఆదివారమునకు తెచ్చి ఇయ్యగలరు.