ప్రతినిధి ధర్మము

పాతవస్తువు మరుగుపడినను దాని రూపము క్రొత్తవస్తువు నాశ్రయించి నిలుచుట లోకమున సర్వసాధారణము. నేడు విజయవాడ అంగళ్ళలో చమురు, వత్తి లేని విద్యుద్దీపములు కుంది ఆకారమున, కొసను జ్వాలవంటి బుడ్డితో అమ్ముడగుచున్నవి. విందులలో అరటియాకు ఈనెలతోసహా అచ్చువేసిన కాగితపు విస్తళ్ళు పరచుచున్నారు. కొన్ని ఆలయములలో హారతివేళ గంటను, నగారాను విద్యుద్యంత్రమే మ్రోగించుచున్నది. ఇట్టి అనుకరణము భగవత్కైంకర్యమున తగునా యను సందేహము గృహస్థులకు కలుగుట సహజము.

అనుకరణమాత్రమున దోషము లేదు. ఏలూరు జిల్లాలోని గుంటుపల్లి కొండయందు క్రీస్తునకు పూర్వమే తొలిచిన గుండ్రని బౌద్ధ చైత్యగృహము కలదు. దాని లోకప్పున కొయ్యవాసములను పోలిన రాతిపట్టెలు చెక్కియున్నారు. కొండను తొలిచిన గుహకు వాసములతో పనిలేదు. అమరావతి స్తూపము చుట్టునుండిన రాతికంచెలో నిలువుకంబములకు తొలులు చేసి అడ్డుపట్టెలు దూర్చిన తీరు కొయ్యపనిదే. ఇచ్చట శిల్పి ఎవరిని వంచింపలేదు. కొయ్యకు బదులు రాయి వచ్చినది గాని మనుష్యుని శ్రమ తగ్గలేదు, మిక్కిలి పెరిగినది. పూర్వులయందలి గౌరవమే ఆ రూపమును నిలిపినది.

మరి దోషమెచ్చట? మీమాంసాశాస్త్రము షష్ఠాధ్యాయమున ప్రతినిధిని గూర్చి విచారించినది. వ్రీహులు దొరకనిచో నీవారములు గ్రాహ్యములు. సోమలత లభింపనిచో పూతీకము గ్రాహ్యము. ద్రవ్యము లేదని నిత్యకర్మను మానరాదు. అయితే దేవతకు, ఆహవనీయాద్యగ్నులకు, మంత్రమునకు, క్రియకు ప్రతినిధి లేదు. ఫలమును పొందవలసిన యజమానునకును లేదు. యజ్ఞవిషయమున పుట్టిన ఈ న్యాయము ఇంటి పూజకును దారి చూపును. ద్రవ్యలోపము కలిగినపుడే ప్రతినిధి, సౌకర్యమునకు కాదు. ద్రవ్యమునకే ప్రతినిధి, చేతకును చేయువానికిని కాదు.

కృష్ణ లంకలలో అరటి విస్తారముగా పండుచుండగా కాగితపుటాకునకు ప్రతినిధిత్వము పొసగదు. యంత్రపు నగారా మరింత చింతనీయము. అందు గంట నిజమైనదే, నగారా నిజమైనదే. లోపించినది భక్తుని చేయి. మ్రోగించువారు దొరకుటలేదని కొందరందురు. అట్లయిన అర్చకుని చేతిలోని చిన్నగంట చాలును. స్వామికి కావలసినది ధ్వని పరిమాణము కాదు.

చేతులు వణకు వృద్ధురాలు, ఒంటరిగా నుండి నిప్పునకు జంకి విద్యుద్దీపము పెట్టుకొనిన నిందింపదగదు. ఆ వెలుగున స్వామిని దర్శింపవచ్చును. కాని మీట నొక్కుటతో దీపారాధన ముగిసినదని తలపరాదు. ఆమె స్వహస్తమున సమర్పించు తులసీదళము, ఉద్ధరిణెడు తీర్థము, నోట పలుకు నామము నిజమైన ఆరాధన. పత్రమునైనను, తోయమునైనను భక్తితో నిచ్చిన గ్రహింతునని గీతాచార్యుడు అభయమిచ్చియే యున్నాడు గదా!

కావున క్రొత్తవస్తువు ఇంటికి వచ్చినపుడు అది పాతదానివలె నున్నదా యని కాక, మన చేతిపనిని మనకు మిగిల్చినదా యని విచారించుట వివేకుల లక్షణము. వస్తువులు మారవచ్చును, కైంకర్యము చేయవలసినవాడు మాత్రము తానే.