ఉమ్రా ప్రయాణికుని సామాను



యార్డులో మిర్చి అమ్ముడై చేతిలో నాలుగు డబ్బులు పడితే మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో చాలామంది ఉమ్రా మాట తలుస్తారు. వెంటనే పెద్ద పెద్ద సూట్‌కేసులు, పచ్చడి డబ్బాలు, కారప్పొడి!

సామగ్రి తీసుకెళ్ళడం తప్పు కాదు. పూర్వం యమన్ వాసులు కొందరు ‘అల్లాహ్‌యే చూసుకుంటాడు’ అంటూ వట్టి చేతులతో హజ్‌కు వచ్చి, మక్కాలో జనాన్ని యాచించేవారు. ప్రయాణ సామగ్రి వెంట ఉంచుకోమనీ, అందులో మేలైనది తఖ్వా (దైవభీతి) అనీ తెలిపే ఆయతు (అల్ బఖరా: 197) ఆ సందర్భంలోనే అవతరించిందని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపారు.

మదీనా నుంచి మక్కాకు 2018లో మొదలైన హరమైన్ రైలు ఉంది. సుమారు 450 కి.మీ. మార్గం, గంటకు 300 కి.మీ. వేగం. మన ప్యాసింజరు బండి మాదిరి మూటలన్నీ కుక్కితే కుదరదు, సామానుకు పరిమితి ఉంటుంది. అసలు జాగ్రత్త వేరే ఉంది. మదీనా నుంచి వెళ్ళేవారి మీఖాత్ జుల్‌హులైఫా. అక్కడ రైలు ఆగదు. ఇహ్రామ్ వస్త్రాలు పెద్ద పెట్టె అడుగున ఉండిపోతే? కనుక పురుషులు బసలోనే గుసుల్ చేసి, ఇహ్రామ్ కట్టుకుని బండెక్కాలి. స్త్రీలకు మామూలు దుస్తులే చాలు. బండి కదలగానే నియ్యత్ చేసి తల్బియా చదవండి. నియ్యత్ లేకుండా మీఖాత్ దాటితే దమ్ (బలి) ఇవ్వవలసి వస్తుంది.

కాటాకు అందని మూట మరొకటుంది. అది బాకీ. మొన్న ఒక పెద్దాయన పెట్టె సర్దుతూ, “కోత కూలీ డబ్బులు తిరిగొచ్చాక ఇస్తాను మౌల్వీసాబ్” అన్నారు.

“తిరిగొస్తామని హామీ ఏముంది చాచా?” అన్నాను.

ఆయన పెట్టె అలాగే వదిలేసి, చెప్పులేసుకుని కూలీల ఇళ్ళవైపు నడిచారు.