వెనుకనున్నవాని అడుగు

కొండదారిలో పదిమంది కలిసి నడచునప్పుడు ఎవరి వేగమును పాటింపవలెను? ఇది విహారయాత్రకు చెందిన చిన్న ప్రశ్నగా తోచవచ్చును. అయితే ఒక సాయంకాలము డాంగ్ అడవిలో ఈ ప్రశ్న నన్ను నిలువదీసెను. నేటివరకు నన్ను విడువలేదు.

సూరతు పట్టణములో మన తెలుగువారు వేలకొలదిగా నివసించుచున్నారు. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి మరమగ్గముల పనికై వచ్చి స్థిరపడిన కుటుంబములు వారిలో అనేకములు. మగ్గముపై కూలి సాధారణముగా నేసిన మీటర్ల లెక్కను ముట్టును. అచట వేగమే అన్నము. అట్టివారు కొందరితో కలిసి ఒక డిసెంబరు మాసమున, పట్టణమునకు ఆగ్నేయ దిశనున్న డాంగ్ జిల్లాకు పోయితిని. సహ్యాద్రి పర్వతముల ఉత్తరపు కొస అచట గుజరాతులోనికి చొచ్చుకొని వచ్చియున్నది. టేకు, వెదురు, ఇప్ప చెట్లతో నిండిన ఆ సీమగుండ పూర్ణా, అంబికా నదులు పడమటి సముద్రమువైపు పారుచున్నవి. ఉదయమున నదియొడ్డునుండి బయలుదేరి, కాలిబాటన ఒక గుట్టయెక్కి, చీకటి పడకముందే బసకు చేరవలెనని మా సంకల్పము. దారి చూపుటకు స్థానిక గిరిజన యువకుడొకడు మాతో వచ్చెను.

కాలము లెక్కించు పని నాది. 1892లో విలియం నైస్మిత్ అను స్కాట్లండు పర్వతారోహకుడు ఒక సూత్రము చెప్పెను: ప్రతి 3 మైళ్ల నడకకు ఒక గంట, ఎక్కవలసిన ప్రతి 2,000 అడుగులకు మరొక గంట. ఆ సూత్రము ఆరోగ్యవంతుల కాళ్లకు సరిపోవును. నా చీటీమీద లెక్క చక్కగా కుదిరెను. అయితే మాలో ఒకరు అరువదేండ్లవారు; నలువదేండ్లు మగ్గములయొద్ద నిలుచుండి పని చేసినవారు. ఆయన మోకాళ్లకు నా చీటీలో చోటు లేకపోయెను.

అటుపిమ్మట జరిగినది ఎవరి దుర్బుద్ధివలనను జరుగలేదు. అందుచేతనే దానిని జాగ్రత్తగా గమనింపవలసియున్నది. ముందు నడచువారు ఒక చెట్టునీడకు చేరి కూర్చుందురు, నీళ్లు త్రాగుదురు, వెనుకవారికొరకు కనిపెట్టుదురు. వెనుకవాడు రొప్పుచు వచ్చి చేరగానే, “వచ్చినారుగదా, ఇక లేతము” అందురు. బలముగలవారికి పది నిమిషముల విశ్రాంతి. బలము లేనివానికి ఒక్క నిమిషమైనను లేదు. విశ్రాంతి ఎవనికి మిక్కిలి అవసరమో వానికే అది దొరకదు. అయినను మేము కనిపెట్టితిమి గనుక ప్రేమ చూపితిమని తలంచుచుంటిమి.

మూడవ మజిలీయొద్ద ఆయన రాలేదు. “నెమ్మదిగా వచ్చునులే” అని ఒకరనిరి. ఆ మాటకు తల యూపినవారిలో నేనును ఒకడను. శిఖరము కనబడుచుండగా మా దారిచూపరి వెనుదిరిగి మనుష్యులను లెక్కించి, ఇక ఒక్క అడుగును ముందుకు వేయననెను. మేము దిగి వెదకగా, ఎండిన టేకాకులు పరచుకొని కాలు జారుచున్న వాలుక్రింద, రెండు బాటలు చీలుచోట, ఆయన ఒక రాతిమీద కూర్చుండియుండెను. అప్పటికే ఎండ గట్టుదాటిపోయెను.

“అన్నా, ఒక్క కేక వేయకూడదా?” అని అడిగితిని.

“వేస్తే మీరు ఆగుతరని తెలుసు, అయ్యగారూ. అందుకే వేయలే” అని ఆయన చెప్పెను.

ఆ జవాబును నేను మరువలేను. బలహీనుడు పిలిచినయెడల ఆగుదుమని మనమందరము నమ్ముదుము. కాని బలహీనుడు పిలువడు. తనవలన పదిమందికి నష్టము కలుగునన్న సిగ్గు వాని నోరు మూయును. గనుక “పిలిచినచో సహాయము చేసెదను” అనువాడు తన బాధ్యతలో సగమును నిస్సహాయునిమీదనే పెట్టుచున్నాడు.

ఆదికాండము ముప్పది మూడవ అధ్యాయమును భాషాంతరీకరణకై పరిశీలించునపుడు ఒక మాటయొద్ద నేను చాలసేపు నిలిచియున్నాను. నాలుగువందల మందితో వచ్చిన ఏశావు కలిసి ప్రయాణము చేయుదమని పిలువగా, యాకోబు పిల్లల నడకనుబట్టియు మందల నడకనుబట్టియు మెల్లగా వచ్చెదననెను. హెబ్రీ మూలములో అచటనున్నది “పాదము” అను అర్థముగల మాట. బిడ్డ పాదమే ప్రయాణమునకు కొలబద్ద. అయితే యాకోబు తాను చెప్పినట్లు శేయీరునకు పోలేదు, సుక్కోతునకు పోయెను. మెల్లగా నడచుట కూడ సాకు కాగలదని ఆ కథయే హెచ్చరించుచున్నది. కొలబద్ద మంచిది, దానిని పట్టుకొన్న చేయి యథార్థముగా నుండవలెను.

ఆ రాత్రి యౌవనస్థుడొకడు నాతో వాదించెను: “ఒక్క దినము మగ్గము విడిచినయెడల ఆ దినపు కూలి పోవును. అంత నష్టపడి వచ్చి శిఖరము చూడకయే పోవుట న్యాయమా?” అతని ప్రశ్న స్వార్థమని త్రోసివేయలేను. బలవంతుని ఆశకును విలువయున్నది. రెండు విధముల శక్తియున్నప్పుడు రెండు దారులు, ఇద్దరు దారిచూపరులు ఉండవచ్చును. కాని ఆ సంగతి బయలుదేరకముందే బహిరంగముగా చెప్పుకొనవలెను. నడుమదారిలో మౌనముగా ఒకని విడిచిపోవుట ఏర్పాటు కాదు, పరిత్యాగము. అట్లే బలహీనుడును తన శక్తిని గూర్చి మొదటనే నిజము చెప్పవలెను. అతడు సిగ్గుపడక చెప్పగల వాతావరణమును కలిగించుట తక్కినవారి పని.

తిరుగుదారిలో జరిగినదానిని చెప్పి ముగించెదను. ఆ గిరిజన యువకుడు పెద్దాయన సంచిని తన భుజమున వేసికొని, అందరికన్న చివర నడచెను. దారి తెలిసినవాడు వెనుకనుండెను. దారి తెలియని మేము ముందుంటిమి. బాట చీలినప్పుడెల్ల ఎటు పోవలెనో అడుగుటకు మేము ఆగి వెనుకకు చూడవలసివచ్చెను. చూచిన ప్రతిసారియు ఆ పెద్దాయన ముఖము మాకు కనబడెను. చీకటిపడిన తరువాత చేరితిమి, అందరమును చేరితిమి.

ప్రియ చదువరీ, నీ యింటిలోను సంఘములోను కేక వేయనివారు ఎవరో నీవెరుగుదువు. వారు పిలుచువరకు కనిపెట్టకుము. మరుసటి సంవత్సరము మేము మరల ఆ అడవికి పోయితిమి. ఈసారి మొదట ఆ పెద్దాయననే అడిగి, ఆయన నడువగలిగినంత దారిని నిర్ణయించుకొంటిమి. ఆ గుట్ట శిఖరమును నేను నేటివరకు చూడలేదు.